కాంచనబురి సమాధులయొద్ద

ధ్యాన భాగము: 2 సమూయేలు 21వ అధ్యాయము, 1 నుండి 14 వచనములు



మన తోటల లయములలో పెరిగినవారికి సయాం రైలు మాట క్రొత్తది కాదు. మా తాతగారి తమ్ముడు ఆ పనికి పోయి తిరిగి రాలేదు. మా నాయనమ్మ జీవించినంతకాలము క్రిస్మసు నాడు ఆ మరది పేర ఒక విస్తరి వేయించెడిది. ఆయన మరణించెనని ఎవరును వచ్చి చెప్పలేదు. కనుక ఆమె ఏడ్వనులేదు, ఎదురుచూచుట మాననులేదు.

ఆ విస్తరిని తలంచుకొని నేను థాయిలాండులోని కాంచనబురి యుద్ధ శ్మశానవాటికకు పోయితిని. అచ్చట దాదాపు 7,000 మంది యుద్ధఖైదీలు విశ్రమించుచున్నారు. వారిలో బ్రిటిషువారు, ఆస్ట్రేలియనులు, డచ్చివారు మున్నగువారు కలరు. పచ్చిక చక్కగా కత్తిరింపబడియున్నది. ప్రతి సమాధికి ఒక ఫలకము, దానిపై పేరు, వయస్సు, మరణదినము. యుద్ధము ముగిసిన పిమ్మట రైలుదారి పొడవున పూడ్చబడిన వారిని వెదకి తెచ్చి యిచ్చట చేర్చిరి. ఎవరో తెలియరాని సైనికుని సైతము, ఇతనిని దేవుడెరుగునని వ్రాసి గౌరవించిరి. అది ధర్మమైన పని. ఆ యువకుల వయస్సులు చదివినప్పుడు నా కన్నులు చెమర్చినవి.

కాని నేను వెదకిన పేరు అచ్చట లేదు. ఉండుటకు వీలును లేదు.

బాన్‌పాంగ్ నుండి బర్మాలోని థాన్‌బ్యూజయాత్ వరకు సుమారు 415 కిలోమీటర్ల దారిని జపాను సైన్యము 1942లో ఆరంభించి 1943 అక్టోబరు నాటికి కలిపెను. ఆ పనిలో 12,000కు పైగా యుద్ధఖైదీలు మరణించిరి. మలయా, జావా, బర్మా, సయాం దేశముల కూలీలలో మరణించినవారు 80,000 నుండి 1,00,000 వరకు ఉందురని అంచనా. మలయా నుండి పోయినవారిలో మన తమిళ, తెలుగు తోట కూలీలే అనేకులు. కొందరిని ఆశపెట్టి, కొందరిని బలవంతముగా కొనిపోయిరి. ఖైదీల నడుమ వారి వైద్యులుండిరి, చనిపోయినవారి లెక్క రహస్యముగా వ్రాసిపెట్టిన అధికారులుండిరి. మనవారికి చాలినంత వైద్యము లేదు, లెక్క వ్రాసినవాడు లేడు. 1943 వానలలో కలరా వచ్చినప్పుడు ఒక్కొక్క గుంటలో ఎందరు పడిరో ఎవరెరుగుదురు?

ఆ వాటికలో ఎత్తైన రాతి సిలువ యొకటి కలదు. దానిని త్యాగ సిలువ యందురు. దానిపై కంచు ఖడ్గము బిగింపబడియున్నది. దాని క్రింద నిలిచి నన్ను నేను ప్రశ్నించుకొంటిని: మా చిన్నతాత చేసినది త్యాగమా? తన్ను తాను ఇచ్చుకొనుట వేరు, బలిగొనబడుట వేరు. ప్రభువైన యేసు తన ప్రాణమును తానే పెట్టెను. మన కూలీలను ఎవరును అడుగలేదు. వారి మరణమును త్యాగమని పొగడి ఊరకుందుమేని, వారికి జరిగిన అన్యాయమును పూలతో కప్పినవారమగుదుము.

అయినను సిలువ వారికి దూరము కాదు. ప్రభువు మరణించినది ఖడ్గముపట్టి కాదు. ఖడ్గమును ఒరలో పెట్టుమని పేతురుకు చెప్పినవాడు ఆయన. సామ్రాజ్యపు సైనికులు ఆయన వస్త్రములు పంచుకొనిరి. ఆయన పరులు ఇచ్చిన సమాధిలో ఉంచబడెను. కనుక కూలీల గుంటలలో సయితము ఆయన వారితోనే యుండెనని నేను విశ్వసించుచున్నాను. గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరికి తప్పిపోయిన చిట్టా లేదు.

అట్లయిన మనకు పని లేదా? రిస్పాను చూడుడి. రాజకార్యము నిమిత్తము ఆమె కుమారులిద్దరు కొండమీద ఉరితీయబడిరి. సమాధి లేదు. ఆమె వారిని బ్రతికింపలేదు, రాజుతో వాదింపలేదు. యవలకోత మొదలు వాన కురియువరకు గోనెపట్ట పరచుకొని, పగలు పక్షులను, రాత్రి మృగములను తోలుచు ఆ దేహములకు కావలి యుండెను. ఆ సంగతి విని దావీదు కదిలెను, ఎముకలు సమకూర్పబడెను. అటుపిమ్మటనే దేవుడు దేశము కొరకైన మొఱ ఆలకించెను. దిక్కులేని యొక తల్లి కావలి రాజ్యమంతటిని సరిచేసెను.

మా నాయనమ్మ వేయించిన విస్తరియు అట్టి కావలియే యని ఇప్పుడు గ్రహించితిని. ఆమె తరువాత మా ఇంట ఆ విస్తరి వేయుట నిలిచిపోయినది. దానిని మాన్పించినది కాలము కాదు, మా మఱపు.

సహోదరులారా, ఎముకలను మనము ఏరలేము. పేర్లను ఏరగలము. మీ ఇండ్లలోని వృద్ధులను అడుగుడి: మన వంశమున సయాము పోయి రానివారెవరు? ఏ తోట? ఏ ఊరివారు? చెప్పగలవారు నేడు మిక్కిలి కొద్దిమంది. హైందవులైనను, క్రైస్తవులైనను, ఆ పేరును ఒక కాగితముపై తెలుగున వ్రాసి, మీ పిల్లలచేత చదివింపుడి. రాబోవు క్రిస్మసు నాడు మా ఇంట ఒక విస్తరి మరల వేయబడును. ఈసారి ఎదురుచూచుటకు కాదు. ఆయన పేరు చెప్పి, ప్రభువు చేతికి అప్పగించి, ఆనాడు ఏడ్వలేకపోయిన ఏడ్పు ఏడ్చుటకు.

తన స్వజనుల నెవ్వరిని మఱువని దేవుడు మనకు రిస్పా ఓర్పును దయచేయునుగాక. ఆమేన్.