వచ్చినవాడు ఎప్పుడు ఊరివాడవుతాడు?

హైదరాబాద్‌లో ఏపీ 09 నంబరు బళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. విజయవాడ నుంచి ఏపీ 39 బండితో ఉద్యోగానికి వచ్చినవారు వాటిని చూసి, ఈ ఊళ్లో ఏపీ నంబరుకు అడ్డేమీ లేదని నిశ్చింతగా ఉండిపోతారు. చూసింది నిజమే, తేల్చుకున్నది తప్పు. ఏపీ 09 రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాద్ ఆఫీసులోనే ఇచ్చిన నంబరు, కాబట్టి అది మొదటినుంచీ ఇక్కడి బండే. ఏపీ 39 అలా కాదు, 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఇస్తూ వచ్చిన సిరీస్. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనుకోకూడదనీ, పచ్చి కట్టె తోడైతేనే పొగ వస్తుందనీ మన తార్కికులు ఏనాడో హెచ్చరించారు. ఇక్కడ ఆ పచ్చి కట్టె బండి ఎక్కడ, ఎప్పుడు రిజిస్టరైందన్న సంగతి, అది ఆర్సీలో ఉంటుంది తప్ప ప్లేటు మీది రెండక్షరాల్లో కనబడదు. మరి ఇలా పొరబడినవారిది దోషమా, అమాయకత్వమా?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో జరిగిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. చాలామంది విన్నది ఇంతవరకే. ఆ పక్కనే ఉన్న 47వ సెక్షన్, బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలంటుంది. పాత ఊరి నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌వోసీ) తెచ్చుకోవాలి, ఆ దరఖాస్తు మీద చాసిస్ నంబరును పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి ఇవ్వాలి. ఇవన్నీ ప్రయాసే. కానీ ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదివితే చట్టం బాటసారినీ కాపురమున్నవాడినీ వేరుచేసి చూస్తోందని తెలుస్తుంది. బాటసారిని ఏమీ అడగదు. కాపురం పెట్టినవాడికి మాత్రం ఏడాది గడువిచ్చి, ఆ తర్వాత అడుగుతుంది.

వచ్చినవాడు ఏ చోటి నియమం పాటించాలన్న ప్రశ్నను ప్రాచీన గ్రంథమైన బౌధాయన ధర్మసూత్రం మరో రూపంలో ఎదుర్కొంది. దక్షిణాదిన ఉన్న అయిదు ఆచారాలనూ, ఉత్తరాదిన ఉన్న అయిదింటినీ పేర్కొంది. దక్షిణాది వాటిలో మనకు బాగా తెలిసిన మేనరికం ఒకటి. ఎక్కడి ఆచారం అక్కడ ప్రమాణమే, ఒకచోటిది మరోచోట పాటిస్తే దోషమని బౌధాయనుడి పక్షం. మరో ధర్మసూత్రకారుడు గౌతముడు దీన్ని ఒప్పుకోడని కూడా అదే గ్రంథం దాచకుండా చెబుతుంది. హత్య, దొంగతనం వంటి విషయాల్లో నేను గౌతముడి వైపే ఉంటాను, ఊరు మారినంత మాత్రాన అవి ఒప్పు కావు. బండి నంబరు అలాంటిది కాదు. ఫలానా చోట ఫలానా నంబరు ఉండాలన్నది నలుగురూ కలిసి బతకడానికి పెట్టుకున్న ఏర్పాటు. అలాంటి ఏర్పాటును బుద్ధితో ఊహించి కనుక్కోలేం, అడిగి తెలుసుకోవాల్సిందే. అందుకే కొత్తగా వచ్చినవాడికి తెలియకపోవడం తప్పు కాదు. స్థిరపడ్డాక కూడా అడగకపోవడం తప్పు.

ఒకే దేశంలో ఈ సరిహద్దులేమిటని అడగవచ్చు. రాజ్యాంగం వాహనాల పన్నును రాష్ట్రాలకు అప్పగించింది. రోజూ వాడుకునే రోడ్డు ఏ రాష్ట్రానిదో పన్నులో వాటా దానికి చేరడం న్యాయమే. ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటుంది. ప్రభుత్వాలు ఈ నియమాన్ని రాబడి కోసం వాడుకుంటే? కర్ణాటక 2014లో ఆ పనే చేసింది. బయటి బండి ముప్పై రోజులు దాటితే జీవితకాలపు పన్ను కట్టాలంది. 2016లో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. నెలరోజుల్లో ఎవరూ ఊరివారైపోరు. బెంగళూరులో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న తెలుగు కుర్రాడిని అప్పటికే స్థిరపడ్డవాడిగా లెక్కగట్టడం అన్యాయం. అడిగి తెలుసుకునే బాధ్యత వచ్చినవాడిదైతే, అడిగినప్పుడు ఒకేలా, స్పష్టంగా చెప్పడమూ తగినంత వ్యవధి ఇవ్వడమూ ఏలేవారి బాధ్యత. ఆ రెండోది లేనిచోట మొదటిదాన్ని గట్టిగా పట్టుబట్టే హక్కు వారికి ఉండదు.

రాష్ట్రం మారినా నంబరు మార్చుకోనక్కర్లేని బీహెచ్ సిరీస్‌ను 2021లో తెచ్చి, మాటిమాటికీ ఊళ్లు మారేవారి ఇబ్బందిని కేంద్రం గుర్తించింది. కానీ అది ప్రభుత్వోద్యోగులకూ, నాలుగు లేదా అంతకుమించి రాష్ట్రాల్లో ఆఫీసులున్న సంస్థల ఉద్యోగులకూ దక్కింది. పనిని వెతుక్కుంటూ సెకండ్‌హ్యాండ్ మోటార్‌సైకిల్ మీద రాష్ట్రం దాటే మేస్త్రీకి ఆ వెసులుబాటు లేదు. ఎన్‌వోసీ కోసం పాత ఊరికి తిరిగితే అతనికి ఆ రోజుల కూలి పోతుంది. అతను నియమం తెలిసీ పాటించలేదంటే, దాన్ని కార్లున్నవారి నిర్లక్ష్యంతో కలిపి తూచడానికి నా మనసు ఒప్పుకోదు.