తిండి పెట్టినంత మాత్రమున చాలునా?

ధ్యాన వాక్యభాగములు: కీర్తనలు 104:20–23; యోబు 39:5–8; సామెతలు 12:10



మన కొండలనుండి చింతపల్లి, నర్సీపట్నముల మీదుగా బస్సులో దిగి విశాఖపట్టణము చూడబోవువారు పిల్లలను జూకు తీసికొని పోకుండ తిరిగి రారు. కంబాలకొండ అడవి ప్రక్కనున్న ఆ జూ 1977లో ప్రజలకు తెరువబడినది. అక్కడనేమి, హైదరాబాదులోనేమి, లోకములో మరి యే పట్టణములోనేమి, బోనులోని అడవి మృగమును ఒక పూట నిలిచి చూచువారికి ఒక సంగతి కనబడవచ్చును.

పులి కంచె వెంబడి నడుచును. మూలకు వచ్చి, తల ఒక ప్రక్కకు త్రిప్పి, వెనుకకు మళ్లును. మరల అదే దారి, అవే అడుగులు, అదే చోట అదే మలుపు. ఎలుగు నిలిచిన చోటనే నిలిచి తల ఇటు అటు ఊపుచుండును. గొలుసుతో కట్టబడిన ఏనుగు ఒక కాలిమీదనుండి మరియొక కాలిమీదికి బరువు మార్చుచు తొండము నూపుచుండును. పంజరములోని చిలుక కొన్నిసార్లు తన యీకలను తానే పీకికొనును.

"అదలా ఎందుకు తిరుగుతుంది నాన్నా?" అని పిల్లలు అడుగుదురు. ఆకలి వేసినదని ఒకరు, కోపము వచ్చినదని ఒకరు, ఒళ్లు వంగుటకు తిరుగుచున్నదని మరియొకరు చెప్పుదురు. ఈ జవాబులు మనకు తృప్తి కలిగించునుగాని పిల్లలు అడిగినది మంచి ప్రశ్న. దానిలో పెద్దలకు తగిన మరియొక ప్రశ్న దాగియున్నది. ఒక ప్రాణికి తిండి, నీరు, నీడ ఇచ్చి, దాని ఒంటిమీద గాయము లేకుండ కాపాడినయెడల, దానియెడల మన బాధ్యత తీరినట్టేనా?

ఈ చేష్ట ఏమిటి?

శాస్త్రజ్ఞులు దీనికి స్టీరియోటిపీ అని పేరు పెట్టిరి. దానికి మూడు గుర్తులు చెప్పుదురు. ఆ చేష్ట ఎప్పుడును ఒకే తీరుగా నుండును. మరల మరల జరుగును. దానివలన ఏ ప్రయోజనము నెరవేరుచున్నట్లు కనబడదు. కావలసినదానిని వెదకుటకు వీలు లేనప్పుడు, చూచుటకును చేయుటకును ఏమియు లేనప్పుడు, పసితనములోనే తల్లినుండి వేరుచేయబడినప్పుడు ఇది పుట్టునని వారు కనుగొనిరి.

మన ముసలివారు ఎలుగులను ఎరుగుదురు. ఇప్పపూలు రాలు కాలములో తెల్లవారుజామున చెట్టుక్రింద ఎలుగును చూచి వెనుకకు పరుగెత్తినవారు ప్రతి ఊరిలోను ఉన్నారు. అయితే అడవిలో పది అడుగులు వేసి వెనుకకు మళ్లి, మరల పది అడుగులు వేసి, ఆలాగున దినమెల్ల గడిపిన ఎలుగును చూచితినని వారిలో ఎవరైనను చెప్పిరా? అడవిలో దానికి అంత తీరిక లేదు.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "గానుగెద్దు కూడ దినమెల్ల ఒకే చుట్టు తిరుగును గదా, అయ్యగారూ? కళ్లమున కంకులు తొక్కు ఎద్దులో?" వానికి ఈ పచార్లకు భేదమున్నది. గానుగెద్దును మనిషి తోలును. కాడి దించగానే అది పండుకొని నెమరు వేయును. బోనులోని పులిని ఎవడును తోలుటలేదు. దానికి కాడి లేదు, దించువాడును లేడు. ఎద్దునకు విశ్రాంతి దినము ఇయ్యవలెననియు, కళ్లములో దాని నోరు కట్టరాదనియు మోషే ధర్మశాస్త్రము విధించినది. పని చేయు పశువును గూర్చియే అంత జాగ్రత్త యుండగా, పని యంతయు తీసివేయబడిన మృగమును గూర్చి మనము ఏమియు తలంపకుండ ఉండవచ్చునా?

సింహపు పని, మనుష్యుని పని

నూట నాలుగవ కీర్తనలో రాత్రియు పగలును పంచబడిన తీరు చూడుడి. చీకటి పడగా అడవి జంతువులు బయలుదేరును. కొదమ సింహములు దేవునియొద్దనుండి తమ ఆహారమును వెదకును. ప్రొద్దు పొడువగా అవి గుహలకు మరలును. అప్పుడు మనుష్యుడు తన పనికి పోయి సాయంకాలమువరకు కష్టపడును. కీర్తనకారుడు సింహపు వేటను, మనుష్యుని సేద్యమును ఒకదాని ప్రక్కను ఒకటి పెట్టెను. ఇద్దరికిని పని యున్నది, ఇద్దరికిని వేళ యున్నది. సింహమునకు ఆహారమిచ్చువాడు దేవుడే; అయినను వెదకుట సింహమునకే విడువబడినది. ఆ వెదకుట కూడ దేవుని యీవిలో ఒక భాగమే.

మన కొండ ఎలుగును తీసికొనుడి. దానికి పైదవడ ముందుపండ్లలో నడిమి రెండు లేవు. ఆ సందులోనుండి అది చెదలను బలముగా పీల్చుకొనును. ఆ చప్పుడు దూరమునకు వినబడును. దాని గోళ్లు పుట్టలు త్రవ్వుటకు, తేనెకై చెట్టెక్కుటకు తగినట్టు పొడవుగా చేయబడినవి. నేరేడు, తునికి, రేగు, ఇప్ప ఏ నెలలో ఏ లోయలో దొరకునో వెదకుచు అది రాత్రులు గడుపును. అట్టిదానికి ఒక పళ్లెములో గంజి పోసితిమనుకొనుడి. కొద్ది నిమిషములలో కడుపు నిండును. ఆ ముక్కు, ఆ గోళ్లు, ఆ రాత్రి యంతయు ఏమి చేయవలెను? కాళ్లు మాత్రము నడుచుచునే యుండును.

ఇది ఊహ మాత్రము కాదు. అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ జూలోని ఒక నల్ల ఎలుగును కనిపెట్టి చూచినవారు 1991లో తమ పరిశోధనను ప్రచురించిరి. ఆ ఎలుగు జతకూడు కాలమందు ఒకలాగున, చలికాలమునకు ముందు మేతకాలమందు మరియొకలాగున పచార్లు చేయుచుండెను. దాని ఆహారమును ఒకచోట పోయక ఆవరణమంతట దాచిపెట్టగా, మేతకాలపు పచార్లు బాగుగా తగ్గిపోయెను. వెదకుట తిరిగి యిచ్చినంతనే కాళ్లు నెమ్మదించినవి. 2003లో రాస్ క్లబ్, జార్జియా మేసన్ అను ఇంగ్లండు దేశపు పరిశోధకులు మాంసాహార మృగములను పోల్చి చూచి, అడవిలో దూరములు తిరుగు జాతులే బోనులో ఎక్కువగా పచార్లు చేయుననియు, వాటి పిల్లలే ఎక్కువగా చచ్చుననియు చూపిరి. ధ్రువపు తెల్ల ఎలుగు స్వదేశములో తిరుగు కనీసపు మేరలో జూ ఆవరణము సుమారు పది లక్షలవ వంతు మాత్రమేనని వారు లెక్క కట్టిరి.

మౌనము సమాధానము కాదు

అయితే ఒక జాగ్రత్త. పచార్లు చేయు జంతువు మాత్రమే బాధపడుచున్నదనియు, మూలను కదలక పండుకొన్నది సుఖముగా నున్నదనియు తలంచరాదు. ఒకే విధమైన చెడ్డ బోనులలో నుంచబడిన జంతువులలో ఆ చేష్ట చేయునది కొన్నిసార్లు చేయనిదానికంటె మేలుగా నుండునని మేసన్ మొదలైనవారు తరువాత చూపిరి. అది నడుచుచు ఏదో కొంత ఊరట పొందుచుండవచ్చును. కదలనిది ఆశయే వదలుకొని యుండవచ్చును. కాబట్టి కొట్టియో కట్టియో ఆ నడకను మాన్పించుట వైద్యము కాదు. జ్వరము కొలుచు గాజుగొట్టమును విరుగగొట్టినచో జ్వరము తగ్గునా?

ఈ మాట మన ఇండ్లకును తగును. గొణగనివారందరు తృప్తిగా నున్నారని తలంచు యజమానులు, అత్తలు, అయ్యవారలు, కాపరులు కూడ ఉన్నారు.

బోను తెరచినను పోని మచ్చ

ఒకప్పుడు మైదానపు పట్టణములకు సర్కస్ వచ్చినప్పుడు సింహములు, పులులు ఇరుకైన బండిబోనులలో ఊరూరు తిరిగెడివి. 1998 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఎలుగులను, కోతులను, పులులను, చిరుతలను, సింహములను ఆటలకు నేర్పి ప్రదర్శింపరాదని ఉత్తరువు చేసెను. సర్కస్ యజమానులు న్యాయస్థానములకు వెళ్లిరి. 2000లో కేరళ హైకోర్టును, 2001 మే 1న సుప్రీంకోర్టును ఆ నిషేధమును నిలిపినవి. అప్పుడు విడిపింపబడిన మృగములకొరకు విశాఖపట్టణములోను తిరుపతిలోను రక్షణ కేంద్రములు ఏర్పడినవి.

వాటిని అడవిలో విడిచిపెట్టియుండవచ్చును గదా అని మీరు అడుగుదురు. విడువలేకపోయిరి. బోనులో పుట్టిన సింహమునకు వేట రాదు. మనుష్యుని చూచి తొలగిపోవుటయు రాదు. అందులో అనేకము ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసి పుట్టినవి గనుక వాటి సంతతిని పెంపనియ్యలేదు. వాటికి మిగిలినది ఒక్కటే: మునుపటికంటె విశాలమైన చోట, కొరడా లేకుండ ముసలివై చనిపోవుట. ఇరుకున పెరిగిన జంతువులలో ఆ పాత చేష్ట చోటు మారిన తరువాత కూడ తరచుగా విడువదు. నాలుగు అడుగుల బోనులో నేర్చిన మలుపును అది విశాలమైన ఆవరణములో కూడ తిరుగును.

ఇట్టి ప్రాణులకు ఆవరణమే కనికరము. కాబట్టి "జూలన్నియు పాపము" అని నేను వ్రాయుటలేదు. గాయపడినదానికి, తల్లిలేని పిల్లకు, అడవిలో కరవైపోవు జాతికి ఆశ్రయమిచ్చుట మంచిపనియే. అయితే ఆశ్రయమిచ్చువాడు చోటు ఎంత పెద్దదని మాత్రమే గాక, ఆ చోట ఆ ప్రాణి ఏమి చేయగలదని కూడ అడుగవలెను. స్విట్జర్లాండు జంతుశాలల అధికారి హైనీ హెడిగర్ 1942లో తన గ్రంథములో ఈ సంగతినే, అనగా స్థలపు కొలతకంటె స్థలపు గుణము ముఖ్యమని, బోధించెను.

ఎరుగుట అను దయ

సామెతలు 12:10ని మనము చిన్ననాటనుండి ఎరుగుదుము. మన తెలుగు తర్జుమాలో అక్కడ దయ అను భావము వచ్చునట్లు చెప్పబడినది. హెబ్రీ మూలములోని క్రియకు "ఎరుగుట" అని అర్థము. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగినవాడు. దానికి ఏది బ్రతుకో తెలిసికొనినవాడు. అదే వచనపు రెండవ భాగము దుష్టుని జాలి సైతము క్రూరమేయని హెచ్చరించుచున్నది. ఎరుగని జాలి ఎట్లు క్రూరమగునో పంజరమును చూచిన తెలియును. చిలుకను ప్రేమించువాడే దానిని కొనును. జామపండు పెట్టును, పేరు పెట్టి పిలుచును. అయితే గుంపుతో ఎగురుట దాని బ్రతుకు అని ఎరుగడు.

దేవుడు అడవిగాడిదను గూర్చి యోబును అడిగిన ప్రశ్నలు చూడుడి. దాని కట్లు విప్పినవాడెవడని ఆయన అడుగుచున్నాడు. కొండలే దాని మేతబీళ్లనియు, తోలువాని కేకలను అది లక్ష్యపెట్టదనియు చెప్పుచున్నాడు. మనుష్యునికి ఏ ఉపయోగమును లేని జంతువును గూర్చి దేవుడు సంతోషముతో మాటలాడుచున్నాడు. ఆదికాండములో మనకు ఏలుబడి ఇయ్యబడినది నిజమే. అయితే మనము ఏలునవి ఇట్టి దేవుని సొత్తు.

మనలో కొందరి అభ్యంతరము నాకు తెలియును. "జీడితోటలో ఎలుగు మీదపడి మొగము చీల్చినవాని యింటికి వచ్చి ఈ మాట చెప్పుడి" అందురు. వారి బాధ నిజము. అడవిలోని ఎలుగునకు భయపడుడి, గుంపుగా నడువుడి, చీకటిలో ఒంటరిగా పోకుడి. అయితే మీదపడిన ఎలుగు ఒకటి, ముక్కుత్రాడుతో ఆడింపబడిన ఎలుగు మరియొకటి. మొదటిదానివలన కలిగిన భయము రెండవదానిని హింసించుటకు హక్కు కాదు. ఎలుగు నాడించి బ్రతికినవారును బీదవారే. వారికి వేరు జీవనోపాధి చూపుట వలననే 2009 నాటికి ఆ ఆట మన దేశపు రోడ్లమీదనుండి తొలగింపబడెను. పిల్లల భయము పోవునని ఎలుగు వెండ్రుకల తాయెత్తు కొనినవారు, పైసలు వేసి నవ్వినవారు లేనియెడల ఆ త్రాడు ఎవరును పట్టియుండరు. అందులో పట్నపువారు ఉండిరి, సంఘస్థులును ఉండిరి.

మనము చేయగలిగినది

మొదటిది, సంతలో చిలుకను గాని గోరువంకను గాని కొనకుడి. మన అడవి పక్షులను పట్టుట, అమ్ముట, పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కొనువాడు లేనియెడల గూటినుండి పిల్లను తీయువాడు ఉండడు.

రెండవది, అడవిలో దొరకిన ఎలుగు పిల్లను ముచ్చటపడి ఇంట కట్టకుడి. తల్లి దగ్గరలోనే యుండవచ్చును. దూరముగా తొలగి, అటవీశాఖవారికి తెలియజేయుడి.

మూడవది, జూకు పోయినప్పుడు పచార్లు చేయు మృగమును కేకలతోను రాళ్లతోను రెచ్చగొట్టకుడి, పిల్లలను కొట్టనియ్యకుడి. అది అలాగు ఎందుకు నడుచుచున్నదో వారికి నిజము చెప్పుడి. ఆహారము దాచి పెట్టుదురా, ఎక్కుటకు దుంగలున్నవా, జనులకు కనబడకుండ దాగుటకు చోటున్నదా అని అక్కడి కావలివారిని మర్యాదగా అడుగుడి.

నాలుగవది, మీ దొడ్డిలోనిదానిని చూడుడి. మూరెడు త్రాటితో రాత్రింబగళ్లు కట్టబడిన కుక్క కూడ ఒకే చుట్టు తిరుగును. దానిని దినమున కొంతసేపు విడువుడి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో నూట నాలుగవ కీర్తన చదివిన తరువాత, మన కొండమీద ఏ జంతువు ఏ వేళ ఏ పని చేయునో పిల్లలచేత చెప్పించుడి. తెలియనివి తాతలను అడిగి తెలిసికొనుడి.