మనిషిని బట్టి పద్ధతి

కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లు తమ కష్టం చెప్పుకున్నాక నన్ను అడిగేది దాదాపు ఒక్కటే: "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" ఇంట్లో పెద్దవాళ్ల ముందు గోడు వెళ్లబోసుకుని, వాళ్ల నోట ఒక మాట వినడం మనకు అలవాటు. నేను చదువుకున్న శాస్త్రంలో ఒక పెద్ద శాఖ మాత్రం ఆ మాట చెప్పొద్దంటుంది. కౌన్సెలర్ ఎదుటి మనిషి బాధని లోపలినుంచి అర్థం చేసుకోవాలి, షరతులు పెట్టకుండా ఆదరించాలి, నటించకూడదు. ఇవి ఉంటే దారి ఆ మనిషే వెతుక్కుంటాడని కార్ల్ రోజర్స్ 1957లో గట్టిగా వాదించాడు.

మనిషి మీద ఎంతో నమ్మకం ఉన్న ఆలోచన అది. నాకు ప్రాణం. అయినా, భర్త పోయాక కొడుకింటికీ కూతురింటికీ మధ్య తిరుగుతున్న ఓ పెద్దావిడ "నువ్వే చెప్పమ్మా" అన్నప్పుడు, "మీకేమనిపిస్తోంది?" అని ప్రశ్న ఆవిడకే తిప్పి ఇస్తే మొహం మీద తలుపు వేసినట్టుంటుంది. మన దేశపు మానసిక వైద్యుడు, పంజాబీ కవి జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే దీని గురించి ఆలోచించి, గురుశిష్య సంబంధం మనవాళ్ల చికిత్సకు ఒక నమూనా కాగలదా అని ఒక వ్యాసం రాశాడు. నేను ఆయనతో సగం దూరమే వెళ్తాను. గురుపీఠం రుచి మరిగితే దిగడం కష్టం. అలాంటి ఆవిడకి మొదట కొన్ని సంగతులు సూటిగానే చెబుతాను: రాత్రి నిద్ర గురించి, మానేసిన పొద్దుటి నడక గురించి, పింఛను పాస్‌బుక్ ఆవిడ దగ్గరే ఉండటం గురించి. కాళ్ల కింద నేల దొరికాక, ఎక్కడ ఉండాలో ఏం కావాలో ఆవిడే చెప్పడం మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి నేను నోరు తగ్గించుకోవాలి. పొద్దుటి నడకని మళ్లీ మొదలుపెట్టించడం ప్రవర్తన చికిత్సలోది, నోరు తగ్గించుకోవడం రోజర్స్‌ది. ఆవిడకి ఆ తేడాతో పనిలేదు, నాకు ఉంది.

ఇంకోచోట వింటూ ఊరడించే ఈ మెతకదనమే హాని చేస్తుంది. చేతులు కడిగి కడిగి చర్మం పగిలిపోయిన కుర్రాడు "ఏం కాదు కదా మేడమ్?" అంటాడు. ఏం కాదంటే ఆ పూటకి ఊరట, మర్నాటికి జబ్బు ఇంకాస్త బలపడుతుంది. ఇంట్లో అమ్మ రోజంతా చెబుతున్నదీ అదే మాట. అతను భయపడే వస్తువుని ముట్టుకుని, కడుక్కోకుండా కూర్చోవాలి. ముందు చిన్న భయం, తర్వాత పెద్దది. కడగకపోయినా భయం దానంతటదే దిగుతుందని అతనికి అనుభవంలో తెలియాలి. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో ప్రచురించిన పని నుంచి ఎదిగిన చికిత్స ఇది. దీన్ని పక్కనపెట్టి నెలల తరబడి ప్రేమగా వింటూ కూర్చోవడం తప్పని నా నిశ్చితాభిప్రాయం.

అలాగని అతని గతాన్ని మూసిపెట్టను. చిన్నప్పుడు ఇంట్లో ఎవరో జబ్బుపడితే నీవల్లేనన్నారనుకోండి, ఆ నింద ఈ భయం వెనక ఉండవచ్చు. మనోవిశ్లేషణనీ ప్రవర్తన చికిత్సనీ కలిపి 1977లో పాల్ వాక్టెల్ రాసిన పుస్తకం నాకు ఇక్కడే ఉపయోగపడింది. పాత భయం గతంలో ఆగిపోదు. దానివల్ల మనం తప్పించుకు తిరగడం, మనతో నలుగురూ మెలిగే తీరు కలిసి దాన్ని ఏ రోజుకారోజు కొత్తగా నిలబెడతాయి. అందుకని ఆ నింద గురించి మాట్లాడుకుంటాం, కుళాయి దగ్గర సాధనా ఆపం.

ఇలా చికిత్సలను కలిపి వాడే సమ్మిళిత పద్ధతి పేరు చెప్పి, ఏది గుర్తొస్తే అది చేసేవాళ్లున్నారు. నాకు అది కోపం తెప్పిస్తుంది. నమ్మి వచ్చిన మనిషి మీద అది ప్రయోగమే అవుతుంది. మెళకువలు ఎక్కణ్నుంచైనా తెచ్చుకోవచ్చుగానీ, పొంతన లేని సిద్ధాంతాలన్నిటినీ కలిపేయకూడదని ఆర్నాల్డ్ లాజరస్ 1967 నుంచీ హెచ్చరిస్తూనే వచ్చాడు. అన్ని చికిత్సల్లోనూ పనిచేసేవి కొన్ని ఉమ్మడి అంశాలేనని 1936లో సాల్ రోజెన్‌జ్వైగ్ అన్న మాటని కొందరు సోమరితనానికి అడ్డుపెట్టుకుంటారు. ఉమ్మడి అంశాల్లో నమ్మకం మొదటిది, నిజమే. కానీ ఆ కుర్రాడి చేతులు మానడానికి నమ్మకం ఒక్కటే చాలదు. ఎటు వెళ్తున్నామో, అందుకు ఏం చేస్తున్నామో ఇద్దరికీ ఒప్పుదల ఉండాలి, మధ్యన బంధమూ ఉండాలి. ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో ఈ మూడింటినీ కలిపే చెప్పాడు.

మీరో మీవాళ్లో కౌన్సెలింగ్‌కి వెళ్తుంటే, మొదటి కలయికల్లోనే అడగండి: నా విషయంలో మీరేం చేస్తున్నారు, ఎందుకు, పనిచెయ్యకపోతే ఏం మారుస్తారు? మొహమాటపడకండి. మామూలు తెలుగులో జవాబు రాకపోతే మరొకరి దగ్గరికి వెళ్లండి. ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు.