చొప్ప చేనిలో మిగిలిన ఎరువు



గడచిన వేసవిలో మా పెద్దల కూటమునకు ఒక చిన్న సంగతి వచ్చినది. చిన్నదే యనుకొని పది నిమిషములలో ముగించితిమి. నాటినుండి అది నన్ను విడువలేదు.

మా సంఘమునకు ఎకరన్నర మెట్ట చేనున్నది. చుట్టును మిరప, ప్రత్తి. సంఘస్థుడొకడు మూడేండ్లు దానిని కౌలుకు చేసి, తన గేదెల మేతకై చొప్పజొన్న చల్లుచుండెను. చొప్ప చేనికి ఎరువు తోలువారు మన వైపున అరుదు. ఉన్నదంతయు మిరపకే పోవును. ఇతడు మాత్రము రెండు వేసవులు గొఱ్ఱెల కాపరులను బతిమాలి, రాత్రికింతయని యిచ్చి, మంద కట్టించెను. తొలకరికి జనుము చల్లి, పూతకు రాగానే దున్నివేసెను. మూడవ ఏట చొప్ప మనిషిని ముంచునట్లు పెరిగినది. దానిని చూచి మరియొకడు, అందులో మిరప వేసెదను, కౌలు హెచ్చుగా నిచ్చెదనని వచ్చెను. మందిరపు పైకప్పునకు డబ్బు కావలసియుండెను. ఇచ్చివేసితిమి. ఆ తీర్మానము నా చేతి వ్రాతయే.

మొదటివాడు తగవు పెట్టలేదు. "చేను సంఘానిదే అయ్యగారూ. నా ఎరువు ఇంకా అందులోనే ఉంది గదా" అని మాత్రమనెను.

ఆ మాట నిజమా? యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల బస్తాలో ఇంచుమించు 20 కిలోలుండును. పశువుల ఎరువులో నూటికి అరపాలు మాత్రమే. ఆ బస్తాకు సరితూగవలెనన్న నాలుగు టన్నులు తోలవలెను. అయితే యూరియా ఆ పంటకే పనిచేసి, మిగిలినది నీటను గాలిని పోవును. పశువుల ఎరువు, మంద ఎరువు అట్లు గాదు. మొదటి ఏట కొంతయే యిచ్చి, తక్కినది నేలలో దాచి, తరువాతి పంటలకు మెల్లగా విడుచును. కనుక ఈ ఏడు తోలినవాడు వచ్చే ఏటి సేద్యగానికి కూడ వడ్డించుచున్నాడు.

2019లో మన రాష్ట్రమున చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టములో ఒప్పందపు గడువు 11 నెలలు. పదకొండు నెలలవాడు మంద ఎందుకు కట్టించును? బస్తా విప్పి చల్లును. ఎక్కువ చల్లిన లేత జొన్న, వాన వెనుకదీసినచో, విషమెక్కి పశువులను పడవేయును. మన పెద్దలు నాము అనునది అదే. నేల చెడిపోయినదని కౌలుదారుని నిందించుట సులువు. వానికి గడువెంత యిచ్చితిమో ఎవరడుగుదురు?

ఒక పెద్ద, "ఏటేటి కౌలు ఏటేటికి చెల్లు, వాడు తన పంట తిన్నాడు" అనెను. అది తీసివేయదగిన మాట కాదు, ఒప్పుకొన్నదంతే. కాని హెచ్చు కౌలు ఎక్కడనుండి వచ్చినది? అతడు వేసిన సత్తువ చూచియే గదా. మేము అద్దెకిచ్చినది చేనును మాత్రమే కాదు. ఇంగ్లండులో ఇదే తగవు పుట్టగా, విడిచిపోవు కౌలుదారునకు నేలలో మిగిలిన ఎరువు వెల కట్టుటకు 1875లో చట్టము చేసిరి. 1883లో దానిని విధిగా చేసిరి. లేవీయకాండము 25వ అధ్యాయములో సయితము, భూమి చేతులు మారునప్పుడు మిగిలిన పంటలు లెక్కించియే వెల కట్టవలెను.

లూకా 13లోని అంజూరపు చెట్టును గూర్చి నేనెన్నిసార్లు ప్రసంగించితినో! ఓపికను గూర్చియే చెప్పితిని. ఆ చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనన్న తోటమాలికి ఆ తోట సొంతము కాదని ఈ వేసవిలోనే నాకు తోచినది.

హెచ్చు కౌలులో రెండేండ్ల భాగము మొదటివానికి చెల్లింపవలెనని మరల కూటములో అడిగితిని. ఇద్దరు ఒప్పుకొనిరి, ఇద్దరు ఒప్పుకొనలేదు. వచ్చే నెల మరల కూడెదము. అతడు ఈ ఏడు మరియొకరి చేను పట్టినాడు. మొన్న సైకిలుమీద యూరియా బస్తా వేసికొని పోవుచు, నన్ను చూచి దిగి, వందనములు చెప్పి వెళ్లెను.