మౌనంలో మిగిలిన సగం

మౌనం అర్ధాంగీకారం అంటారు తెలుగులో. మరి మిగిలిన సగం ఎవరిది? ఎవరూ అడగరు. అడక్కుండానే ఆ సగం కూడా పెద్దవాళ్ల ఖాతాలో పడిపోతుంది.

మా నిఖాల్లో ఈ సంగతి కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. వకీలు, ఇద్దరు సాక్షులు పెళ్లికూతురు కూర్చున్న గదిలోకొస్తారు. ఫలానా వాళ్లబ్బాయి, ఇంత మెహర్, కబూలేనా అని అడుగుతారు. దించిన తల ఎత్తకుండా ఆ పిల్ల 'హూ' అంటుంది. అనకపోతే పక్కనున్న ఖాలానో ఫుప్పూనో మోచేత్తో పొడుస్తుంది. అప్పటికే బారాత్ వచ్చేసి ఉంటుంది. బయట దేగ్‌లు దించేసి ఉంటారు. అడగడమైతే అడిగారు. 'వద్దు' అనే జవాబుకి ఆ గదిలో చోటుందా?

ధర్మంలో చోటుంది. కన్నెపిల్లని అనుమతి అడగాలనీ, ఆమె మౌనమే అనుమతి అనీ హదీసు ఉన్నమాట నిజమే. సిగ్గుపడే పిల్లకి ఇచ్చిన వెసులుబాటుగా దాన్ని మేం అర్థం చేసుకుంటాం, పిల్ల నోరు మూయడానికి పెద్దలకిచ్చిన లైసెన్సుగా కాదు. ఖన్సా బిన్త్ ఖిదామ్ అనే స్త్రీకి ఇష్టంలేని పెళ్లి చేశాడు తండ్రి. ఆమె వెళ్లి ప్రవక్తకి చెప్పుకుంది. ఆయన ఆ నిఖాని రద్దు చేశారు. బుఖారీలో ఉంది ఇది. ఈ దేశంలో ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కూడా యుక్తవయసొచ్చిన ఆడపిల్లని ఆమె ఇష్టానికి విరుద్ధంగా ఏ వలీ పెళ్లి చెయ్యలేడు. మౌనం గురించిన హదీసు మన మగవాళ్లకి కంఠతా వచ్చు. ఖన్సా పేరు ఎంతమందికి తెలుసు?

ఈ ప్రశ్న పట్టుకుని మేం జూలియట్ దగ్గరికి వెళ్తున్నాం. సాయిబులకి షేక్‌స్పియర్‌తో ఏం పని అని కొందరు అనొచ్చు. ప్రేమకథ కావాలంటే మీకు లైలా ఉందిగా అనొచ్చు. ఉంది. 1188లో నిజామీ పారశీకంలో రాసిన లైలా మన ఇళ్లకి తెలుసు. 1949లో భానుమతి, నాగేశ్వరరావు నటించిన సినిమాతో తెలుగువాళ్లందరికీ తెలిసింది. కానీ లైలా తన 'కాదు'ని గుండెలో దాచుకుని పోతుంది. జూలియట్ ఆ మాటని నోటితో అంటుంది. అనడం నేర్చుకుంటుంది. ఆ నేర్చుకోవడమే మాకు కావలసింది.

నాటకం మొదట్లో జూలియట్‌కి ఇంకా పద్నాలుగు నిండలేదు. 1562లో ఆర్థర్ బ్రూక్ ఇంగ్లీషులో రాసిన కావ్యం షేక్‌స్పియర్‌కి ఆధారం. అందులో ఆమెకి దాదాపు పదహారు. ఆయన ఆ వయసుని ఇంకా తగ్గించాడు. ఇది బాల్యవివాహాన్ని మెచ్చుకోవడం కాదు. ఆమె తండ్రి కాపులెట్టే, పిల్ల చిన్నది, ఇంకో రెండేళ్లు ఆగమని పెళ్లికొడుకు పారిస్‌కి చెప్తాడు. అంత చిన్నపిల్ల, ఆదివారం మొదలై వారం తిరక్కుండానే ముగిసే కథలో, అంత దూరం నడుస్తుంది. ఆ నడకని చూపించడానికే వయసు తగ్గించాడని మాకు అనిపిస్తుంది.

పెళ్లి సంగతేమిటని తల్లి అడిగితే మొదట్లో జూలియట్ ఏమంటుంది? అలాంటి గౌరవం గురించి కల్లో కూడా అనుకోలేదంటుంది. పారిస్‌ని చూస్తాను గానీ, నువ్వు ఒప్పుకున్నంత మేరకే నా చూపు పోతుందంటుంది. మన ఇళ్లలో ఏ తల్లయినా మురిసిపోయే జవాబు. కళ్లు కూడా అమ్మ చెప్పినంత దూరమే చూస్తాయట! ఇదీ ఆమె బయలుదేరిన చోటు.

అదే రాత్రి మేడమీద ఆమె పేరు గురించి మాట్లాడుతుంది. ప్రపంచమంతా వల్లెవేసే ఆ మాటల సారం ఒకటే. పేరు శరీరంలో భాగం కాదు, నీ పేరు వదులుకో, లేదా నేనే నాది వదులుకుంటాను అని. ఇక్కడ మేం ఆగుతాం. పేరు అడిగి అద్దె ఇల్లు లేదన్నవాళ్లని చూసినవాళ్లం. పేరు విని మాట మార్చినవాళ్లనీ చూసినవాళ్లం. పేరు చొక్కాలాగా విప్పిపారేసేది కాదని మాకు తెలుసు. మర్నాటికి జూలియట్‌కీ తెలుస్తుంది. ఆమె మేనమామ కొడుకు టిబాల్ట్ రోమియో చేతిలో చస్తాడు. వదిలేద్దామనుకున్న పేర్లు రెండూ నెత్తురుతో తిరిగొస్తాయి. పైగా వెరోనాలో ఆ రెండు కుటుంబాలూ సమాన హోదా ఉన్నవి. ఇక్కడ మెజారిటీ పేరు, మైనారిటీ పేరు ఒకే తూకం తూగవు. పేరులో ఏముందని అడగడం కొందరికి తత్వం. కొందరికి అది స్తోమతకి మించిన మాట.

జవాబు తప్పయినా ఆ ప్రశ్న మాత్రం ఆమె సొంతం. పుట్టిన దగ్గర్నుంచి నేర్పిన శత్రుత్వాన్ని, ఎందుకు అని మొదటిసారి అడిగింది. స్వతంత్రం అక్కడ మొదలైంది. రోమియోని చూసినప్పుడు కాదు. ఆ రాత్రి మాటలు మళ్లీ చదవండి. చంద్రుడి మీద ఒట్టు పెట్టబోతే వద్దంటుంది, నెలంతా మారేవాడి మీద ఒట్టేమిటని. ఇది మరీ తొందరగా ఉంది, భయంగా ఉందని అనగలిగేది ఆమే. ఉద్దేశం మంచిదైతే పెళ్లి ఎప్పుడో ఎక్కడో చెప్పి పంపమని అడిగేదీ ఆమే. రోమియో నిట్టూరుస్తుంటే ఆమె ఏర్పాట్లు చూస్తుంటుంది. అమ్మ ఒప్పుకున్నంత మేర చూస్తానన్న పిల్లేనా ఇది?

ఇప్పుడు తండ్రి సంగతి. నాటకం మొదట్లో ఇదే కాపులెట్ పారిస్‌తో ఒక మంచిమాట అన్నాడు. ముందు దాని మనసు గెలుచుకో, దాని ఒప్పుదలలో నా ఇష్టం ఒక భాగం మాత్రమే అని. ఖన్సా విన్నా సంతోషించే మాట. కానీ టిబాల్ట్ చచ్చి ఇల్లు శోకంలో ఉన్న సోమవారం రాత్రి, కూతుర్ని ఒక్కమాట అడక్కుండా గురువారానికి ముహూర్తం పెట్టేస్తాడు. నా మాట అది జవదాటదని పారిస్‌కి భరోసా ఇస్తాడు. ఒప్పుదల ఏమైంది? ఏమీ కాలేదు. కూతురు 'ఊఁ' అంటుందనుకున్నన్నాళ్లే ఆ హక్కు ఉంది. ఇల్లు చల్లగా ఉన్నప్పుడు ఇచ్చి, ఇంటికి దెబ్బ తగలగానే లాక్కునేది హక్కెలా అవుతుంది? అది దయ.

జూలియట్ 'కాదు' అంటుంది. దాక్కుని కాదు, తల్లికీ తండ్రికీ ముఖాముఖి. మోకాళ్ల మీద కూచుని ఒక్కమాట వినమంటుంది. దానికి దొరికిన జవాబు తిట్లు, ఈడ్చుకుపోతానన్న బెదిరింపు, వీధుల్లో అడుక్కుని ఆకలితో చావమన్న శాపం. తల్లి ఇక నీతో మాట్లాడనని వెళ్లిపోతుంది. పాలిచ్చి పెంచిన దాది మిగిలింది. ఆ రహస్య పెళ్లికి సాయం చేసిందే ఆమె. ఆమె కూడా పారిస్ బాగున్నాడు, వాణ్ణే చేసుకో అంటుంది.

అక్కడ నాటకం మలుపు తిరుగుతుంది. నువ్వు నన్ను చాలా ఓదార్చావని జూలియట్ దాదితో అంటుంది. అది ఆమె ఆడే పెద్ద అబద్ధాలకి నాంది. ఆ తర్వాత పారిస్‌కి రెండర్థాల మాటలతో జవాబిస్తుంది. తండ్రి ముందు పశ్చాత్తాపం నటిస్తుంది. తండ్రి మురిసిపోయి పెళ్లిని ఒకరోజు ముందుకి జరుపుతాడు! ఆ రాత్రి తల్లినీ దాదినీ బయటికి పంపేసి, తలుపేసుకుని, భయపడుతూనే ఆ మందు ఒంటరిగా తాగుతుంది.

ఇదిగో, మేం చర్చకి పెట్టదలచిన ప్రశ్న ఇదే. ఈ అబద్ధం ఎవరిది? నిజం చెప్తే వీధిలోకి గెంటేస్తామన్న ఇంట్లో ఆడపిల్ల ఆడిన అబద్ధానికి ఆమె ఒక్కతే జవాబుదారీనా?

మన పెద్దల తీర్పు సిద్ధంగా ఉంటుంది. చూశారా, అమ్మా అబ్బా మాట వినలేదు, చచ్చింది అని. ఈ తీర్పు కొత్తది కాదు. తల్లిదండ్రుల మాట కాదన్న పిల్లల గతి ఇదని బ్రూక్ తన కావ్యానికి ముందుమాటలోనే రాసుకున్నాడు. షేక్‌స్పియర్ కథ తీసుకున్నాడు, ఆ నీతి తీసుకోలేదు. ఎందుకంటే ఆయన వరస మార్చి చూపించాడు. ఆమె ముందు నిజమే చెప్పింది. పెళ్లయిన సంగతి దాచినా, ఈ పెళ్లి వద్దన్న నిజం దాచలేదు. దాన్ని శిక్షించాకే అబద్ధం నేర్చింది. మా ఇళ్లల్లో ఆడపిల్లలు దొంగచాటు పనులు నేర్చారని వాపోయేవాళ్లు, ఆ బడి ఎవరు పెట్టారో కూడా చెప్పాలి.

అయితే ఆ అబద్ధాన్ని మేం కీర్తించబోవడం లేదు. చాటున బతికే స్వతంత్రానికి ఒక శాపం ఉంది. ఎవరికీ తెలియకూడదు కాబట్టి దానికి సాక్షులుండరు, సాయానికొచ్చేవాళ్లుండరు. జూలియట్ ప్రాణమంతా ఒక్క ఉత్తరం మీద వేలాడింది. ఆ ఉత్తరం పట్టుకెళ్లిన సన్యాసిని అంటురోగం అనుమానంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు. ఉత్తరం చేరలేదు. స్వతంత్రం ఆమెని చంపలేదు. ఆ స్వతంత్రానికి పట్టపగలు చోటు లేకపోవడం చంపింది.

ఇక ఫ్రయర్ లారెన్స్. మంచివాడు. మా సెక్యులర్ మిత్రులు ఆయన్ని జాగ్రత్తగా చూడాలని కోరతాం. ఈ పెళ్లితో రెండు కుటుంబాల పగ చల్లారుతుందనే ఆశతోనే ఆయన పెళ్లి చేయిస్తాడు. మతాంతర వివాహాలు జరిగితే మతకలహాలు పోతాయని మనవాళ్లలోనూ కొందరు వేదికల మీద చెప్తుంటారు. ఇద్దరు ఇష్టపడి చేసుకుంటే సంతోషమే. కానీ ఆడపిల్ల సమాజాల మధ్య గోడా కాదు, వంతెనా కాదు. గోడకట్టేవాళ్లు ఆమెని ఇటుక చేస్తారు. వంతెన కట్టేవాళ్లూ అదే ఇటుక అడుగుతున్నారు. చివరికి సమాధిలో అలికిడి వినపడగానే ఫ్రయర్ ఆమెని రమ్మని తొందరపెడతాడు, సన్యాసినుల మఠంలో చేరుస్తానంటాడు. ఆమె రానంటుంది. ఆయన వెళ్లిపోతాడు. మంచివాళ్లు కూడా అంతవరకే ఉంటారు.

ఇదంతా నాలుగు వందల ఏళ్లనాటి నాటకం అనుకుని పుస్తకం మూసెయ్యలేం. 2017 మే నెలలో కేరళ హైకోర్టు హాదియా పెళ్లిని రద్దు చేసి ఆమెని తండ్రి దగ్గరికి పంపింది. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి బలహీనురాలు, మోసపోగలదు అన్నది కోర్టు. ఆమె నోరు తెరిచి చెప్తూనే ఉంది. ఆ మాట ఆమె సొంతమని కోర్టు నమ్మలేదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి పెళ్లిని నిలబెట్టింది. ఆ రోజు మేమంతా సంతోషించాం, వయసొచ్చిన స్త్రీ ఎంపికని గౌరవించాలని గట్టిగా అన్నాం. 2022 మే నెలలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, ముస్లిం అమ్మాయిని ప్రేమించి పెళ్లాడిన ఒక దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద, భార్య కళ్లముందే చంపారు. ఆమె అన్నని పోలీసులు అరెస్టు చేశారు. కేరళ అమ్మాయి కోసం మనం అన్న మాట సరూర్‌నగర్ అమ్మాయికి వర్తించదా? మన వైపు వచ్చినప్పుడు ఎంపిక, మననుంచి వెళ్లినప్పుడు ఇజ్జత్... ఇది న్యాయం కాదు. లెక్కలు చూసుకోవడం.

మాలో కొందరు అంటారు. బయట దాడులు జరుగుతున్నాయి, ముందు ఖౌమ్ నిలబడనీ, ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దాం అని. బయటి దాడి అబద్ధం కాదు. మమ్మల్ని సంస్కరిస్తామని వచ్చేవాళ్ల చేతుల్లో ఏముందో మాకు తెలుసు. అయినా ఈ వాదనలో కాపులెట్ గొంతు వినబడుతోంది. అతనూ ఇంటికి దెబ్బ తగిలిన రోజునే కూతుర్ని అడగడం మానేశాడు. దెబ్బతిన్న ఇల్లు ముందుగా పోగొట్టుకునేది ఆడపిల్ల నమ్మకాన్ని. ఆమె నమ్మకం లేని ఖౌమ్ నిలబడి మాత్రం ఎవర్ని కాపాడుతుంది? మా గొంతు మెజారిటీ వినాలని అడుగుతున్నవాళ్లం మేం. మా పేరున ఇతరులు మాట్లాడొద్దని అంటున్నవాళ్లం. ఆ న్యాయం మా గుమ్మం దగ్గర ఆగిపోతే, బయటివాళ్లని అడిగే అర్హత సగం పోగొట్టుకున్నట్టే.

నాటకం చివర ఇద్దరు తండ్రులూ చేతులు కలుపుతారు. జూలియట్‌కి మేలిమి బంగారంతో విగ్రహం చేయిస్తానని మాంటెగ్యూ అంటాడు. రోమియోకీ అంతటి విగ్రహం పెట్టిస్తానని కాపులెట్ అంటాడు. కూతురు మోకాళ్ల మీద పడి అడిగితే ఒక్కమాట విననివాడు బంగారానికి వెనకాడడు. విగ్రహం ఎదురు చెప్పదు. దాని మౌనం సగం కాదు, పూర్తి అంగీకారం. చచ్చిపోయిన ఆడపిల్లల్ని గౌరవించడం ఏ సమాజానికైనా తేలికే. బతికున్న పిల్ల తలెత్తి 'వద్దు' అంటే వినడమే కష్టం. ఆ మాట విన్నాక కూడా ఆమెకి ఇంట్లో అన్నం పెట్టి, పక్కన కూర్చోబెట్టుకోగలిగిన రోజున, ఆమె మౌనాన్ని అంగీకారం అనుకునే హక్కు మనకొస్తుంది. అంతవరకూ ఆ మిగిలిన సగం ఆమెదే.