వాలి అడిగిన ప్రశ్న

చర్ల దగ్గర మిరపచేను గట్టు మీద కూర్చున్నాను. పక్క చేలో డ్రోనుతో మందు కొడుతున్నారు. ఈ చేలో కాయలు ఏరుతున్నవాళ్లు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు. తుమ్మెద రొదలాంటి ఆ చప్పుడు వినపడగానే ఒకావిడ ఏరడం ఆపి పైకి చూసింది.

"అది మందుదేనా అయ్యా?" అంది.

"మందుదేనమ్మా" అన్నాను. మళ్లీ వంగింది. చెవి మాత్రం అటే ఉంది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. 2019లో సరిహద్దు అవతల సుక్మా జిల్లా కిష్టారం క్యాంపు మీద డ్రోన్లు తిరిగాయి. మావోయిస్టులవేనని అనుమానించి, కనపడితే కాల్చమని బలగాలకు ఉత్తర్వులిచ్చారు. 2021 ఏప్రిల్లో బీజాపూర్ అడవిలో డ్రోన్లతో బాంబులు వేశారని మావోయిస్టులు ఆరోపించారు. అదంతా అబద్ధమని పోలీసులన్నారు. కింద ఉన్నవాళ్లకి మిగిలింది చప్పుడు మాత్రమే.

వస్తువు చూస్తే చవక. బ్యాటరీ ఒక దేశంలో, మోటారు ఇంకో దేశంలో తయారవుతాయి. 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం కొన్ని మినహాయింపులతో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది గాని, విడిభాగాలు రావచ్చునంది. మందు చల్లే యంత్రానికీ మందుపాతర మోసే యంత్రానికీ మధ్య తేడా ఏ చెక్‌పోస్టు వాడు పట్టుకుంటాడు? 2025 జూన్ 1న ఉక్రెయిన్ వాళ్లు లారీల్లో చెక్క గదుల పైకప్పుల కింద దాచి పంపిన 117 డ్రోన్లతో రష్యా వైమానిక స్థావరాల మీద దాడి చేశారు. లారీలు తోలినవాళ్లకి లోపలేముందో తెలియదట!

"మనిషిని పంపి చంపించుకునే కన్నా యంత్రాన్ని పంపడం మేలు కాదా?" అని మీరడగవచ్చు. ఈ అడవుల్లో మందుపాతరలకి కొడుకుని పోగొట్టుకున్న జవాను తల్లి ముందు కాదనడానికి నాకు నోరు రాదు.

అయినా ఒక మాట. భద్రాద్రి రాముడి నీడలో ఉంటూ అనకూడదేమో గాని, వాలిని ఆయన చాటునుంచే కొట్టాడు. కొట్టి వెళ్లిపోలేదు. పడ్డవాడి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "నీకు నేనేం చేశాను?" అని వాలి నిలదీస్తే విన్నాడు, జవాబు చెప్పాడు. ఆ జవాబు చాలుతుందా లేదా అని మన అరుగుల మీద ఇప్పటికీ వాదనే. సరే, వాదించుకోవడానికి ఒక జవాబంటూ ఉంది కదా. ఎక్కడో తెర ముందు కూర్చుని మీట నొక్కినవాణ్ణి ఏ వాలి అడుగుతాడు?

ఇంతలో గాలి తిరిగింది. మందు తుంపర మా మీదికొచ్చింది. ఆవిడ లేచి, అవతలి గట్టు మీద రిమోటు పట్టుకుని నిలబడ్డ కుర్రాడి మీద గట్టిగా కేకేసింది. వాడు నాలిక్కరుచుకుని, డ్రోనుని అటు తిప్పాడు.