నోళ్ల లెక్క

పట్నం వదిలి పల్లెలో రెండెకరాలు కొనుక్కున్నవాడి ఆలోచనంతా ఏం నాటాలన్నదే. ఊళ్లోవాళ్లు మాత్రం కంచె ఎప్పుడు వేస్తున్నావని అడుగుతారు. వికారాబాద్ దగ్గరి ఎర్రనేలకు వచ్చిన కొత్తలో కలిసిన ప్రతివాళ్లూ నన్ను అదే అడిగారు. పైకది హద్దుల గురించి, సర్వే రాళ్ల గురించి అడిగినట్టుంటుంది. రెండు మేకలు, నాలుగు కోళ్లు, ఒక ఆవు వచ్చి చేరాక ఆ ప్రశ్న తిండిదని తెలుస్తుంది.

గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది. మేక తలెత్తి, ముందుకాళ్లు కొమ్మకు ఆనించి లేతాకు తెంపుతుంది. మునగ, అవిశె, సుబాబుల్ ఏదైనా సరే, దాని మెడ అందినంత మేరా మోడే. అందుకే దడికి వావిలి, జిల్లేడు లాంటి అది ఇష్టపడని మొక్కలు చూసి పెడతారు. కోడి సంగతి వేరు. మడిలో మొలకలున్నప్పుడు వదిలితే పూటలో గీరి పారేస్తుంది. పంట తీసేశాక ఖాళీ మడిలో వదిలితే అవే కాళ్లతో మట్టి గీరి, అందులో దాగిన పురుగుల్ని ఏరి తింటుంది. కోడి గుణం ఎక్కడా మారలేదు, మనం తడిక తీసిన వేళ మారిందంతే. పెరగడం మొక్కకూ తెలుసు, పశువుకూ తెలుసు. ఏ నోటికి ఏది, ఎప్పుడు, ఎంత అందాలో తేల్చడమే మనిషి నేర్చుకోవలసిన విద్య.

ఈ విద్యలో పురుగుకు కూడా వాటా ఉంది. టమాటా సాళ్ల మధ్య బంతి నాటితే కాయతొలిచే పురుగు తల్లి చాలావరకు బంతిపూల మీద గుడ్లు పెడుతుంది. పొలం గట్టున ఆముదం వేస్తే పొగాకు లద్దె పురుగు ముందు అక్కడికి పోతుంది. దీన్నే ఎర పంట అంటారు. పురుగుకు ఏమీ దక్కనివ్వనని పంతం పట్టినవాడు మందు డబ్బా దించకుండా తిరగాలి. కొంత ఇస్తానని ఒప్పుకున్నవాడు గట్టున పదడుగులు వదిలి, ఆ ఆముదం ఆకుల మీది గుడ్లు ఏరేస్తే చాలావరకు గట్టెక్కుతాడు. ఒప్పుకోవడంలోనూ మన లాభం ఉందన్నది నిజమే. దానికి దయ అని పేరు పెట్టుకోనక్కరలేదు.

ఆవు దగ్గర ఈ లెక్క ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఆవు చేపితేనే పాలు. దూడ వచ్చి పొదుగును మూతితో పొడిస్తే, నాలుగు గుక్కలు చీకితే, ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరి పాలు దిగుతాయి. బెదిరితే, చెయ్యి కొత్తదైతే ఎగబట్టుకుంటుంది. ఈనిన ఇంటి జున్ను కోసం ఎదురుచూడని వాళ్లు మనలో తక్కువ. కానీ ఆ ముర్రుపాలే దూడకు ప్రాణం. తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా దూడకు చేరదు, ముర్రుపాలతోనే చేరాలి. దాన్ని పీల్చుకునే గుణం దూడ పేగులకు ఉండేది దాదాపు 24 గంటలు. ఒంటి బరువులో పదో వంతు, అంటే 20 కిలోల దూడకు 2 లీటర్లు, మొదటి రోజే పడాలి. పక్క పొలం అవ్వకు ఈ అంకెలతో పని లేదు. "లేగ కడుపు జూసినంకనే పొదుగు ముట్టు బిడ్డా" అంటుంది. పశువైద్యం చెప్పేదీ అదే.

ఇంతవరకూ తేలికే. మగవాటి దగ్గర లెక్క గొంతుకు అడ్డం పడుతుంది. 21 రోజులు పొదిగితే దిగిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులు. ఒక దొడ్లో ఒక పుంజు చాలు. రెండోది ఎదిగితే రక్తాలు కారేదాకా కొట్టుకుంటాయి. కోడెదూడ ఒకప్పుడు కాడి కిందికి వచ్చేది. ట్రాక్టరు వచ్చాక దాని చోటు పోయింది. ఇప్పుడు పెయ్యదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యంతో సూది వేస్తున్నారు; పదింట తొమ్మిది ఈతల్లో పెయ్యే పుడుతుందంటారు. కోడెకు సంత దారి తప్పించడం మేలే. కాకపోతే దొడ్డి చుట్టూ ఉండే కంచె ఇప్పుడు పుట్టుకకు ముందుకే జరిగింది. పుంజును నేను కోసి తింటాను. తింటూ సమాధానపడిపోను. కొయ్యొచ్చా అన్న ప్రశ్న పూర్తిగా తేలిపోయిన రోజున కత్తికి చెయ్యి అలవాటు పడిందనే అర్థం.

కంచే వద్దు, అన్నీ వాటి మానాన బతుకుతాయి అనేవాళ్లూ ఉంటారు. ప్రకృతి సేద్యం గురించి రాసిన ఫుకుఓకా పేరు చెబుతారు. జపాన్‌లో షికోకు దీవిలో ఆయన తన తండ్రి నారింజ తోటలో కత్తిరింపు ఆపేస్తే కొమ్మలు చిక్కుపడి, చీడపట్టి, వందల చెట్లు చచ్చిపోయాయని ఆయనే రాసుకున్నాడు. మనిషి చేతిలో ఒకసారి పెరిగినదాన్ని వదిలెయ్యడం, సహజంగా పెంచడం ఒకటి కావన్నది ఆ తోట ఆయనకు చెప్పిన సంగతి. గేటు తీసిపెట్టడం కూడా ఒకరికి వాటా రాసివ్వడమే. చాలాసార్లు ఆ వాటా ముంగిసకూ ఊరకుక్కకూ పోతుంది.

కంచే చేను మేసినట్టు అని సామెత. నమ్మకద్రోహానికి వాడతాం. ఇంటి సాగులో మాత్రం కంచె రోజూ చేను మేస్తుంది. దడిలోని మొక్కల వేళ్లు మడి నీళ్లు తాగుతాయి, వాటి నీడ బెండసాలు మీద పడుతుంది. ఆ దడి కట్టినవాడు పాలు పిండుకుంటాడు, గుడ్లు తీసుకుంటాడు, పుంజును కోస్తాడు. తీర్పు చెప్పేవాడే వాటాదారు కూడా అయితే ఏ కోర్టూ ఒప్పుకోదు. ఇక్కడ ఇంకో జడ్జి దొరకడు. కాబట్టి అవ్వ చెప్పిన వరుస ఒక్కటే దారి: మిగతా నోళ్లన్నీ లెక్కపెట్టి, మన నోరు చివర రాసుకోవడం. ఆ వరుస తప్పించనివాడికే కంచె వేసే హక్కు.